పారబోసిన గ్లాసు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా అమలాపురంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని తేల్చింది. ఆ తీర్పు గురించి కార్యదర్శిగారు విపులంగా చెప్పారు. బకాయిల సంగతి కోశాధికారిగారు చెప్పారు. డాక్టరుగారు మన గుండె గురించీ, మోకాళ్ళ గురించీ, షుగరు గురించీ భయపెట్టవలసినంత భయపెట్టారు. భోజనాల ముందు ఓ పావుగంట ఎవరైనా తేలిక విషయం మాట్లాడితే బాగుంటుందని నన్ను లేపారు. 36 ఏళ్ళ పాటు నోటు ఫైళ్ళు రాసినవాణ్ణి. "ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది" అని ముగించడం తప్ప ఉపన్యాసం చెప్పడం రాదు. అయినా ఒప్పుకున్నాను. విషయం కాఫీ. అదీ పాలూ పంచదారా లేని కాఫీ. నవ్వకండి. తేలిక విషయమనే మొదలుపెడుతున్నాను గాని, చివరిదాకా తేలికగా ఉంటుందని హామీ ఇవ్వలేను.

ముందు మా ఇంటి కాఫీ సంగతి చెప్పాలి. మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. నా చిన్నతనంలో, అంటే 1950ల చివరలో, మా ఇంట్లో కాఫీ అంటే ఓ క్రతువు. నాన్నగారు అమలాపురం వెళ్ళినప్పుడు గింజలు కొని తెచ్చేవారు. పీబెర్రీ ఎంత, ప్లాంటేషన్ ఎంత అని ఆయనా మా మేనమామా గంటలకొద్దీ వాదించుకునేవారు. కాఫీ పండులో మామూలుగా రెండు బద్దలుంటాయి, ఒక్కోసారి ఒకే గుండ్రటి గింజ ఉంటుంది, అదే పీబెర్రీ అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పట్లో అదేదో దొరల ఊరు పేరనుకునేవాణ్ణి. ఇనప మూకుట్లో గింజలు వేయిస్తే ఆ వాసన వీధి చివరిదాకా వెళ్ళేది. బల్లకు బిగించిన చేతిమర తిప్పే పని నాది. తిప్పినందుకు కూలి లేదు. పిల్లలకు కాఫీ ఇవ్వకూడదని మా నాయనమ్మ శాసనం.

ఇత్తడి ఫిల్టర్లో దిగిన మొదటి డికాక్షను నాన్నగారికీ, వచ్చిన పెద్దమనుషులకీ. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోస్తే దిగే రెండోది ఇంట్లో ఆడవాళ్ళకి. మూడోది, రంగు మాత్రమే ఉండేది, పనివాళ్ళకి. ఈ వరసలో తప్పుందని ఆ రోజుల్లో మాలో ఎవరికీ తోచలేదు. మన ఇళ్ళల్లో చాలామంది పెద్దవాళ్ళకి ఇది గుర్తుండే ఉంటుంది. గేదెపాలు, చిక్కటివి, మీగడ కట్టేవి. గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి తిరగపోస్తే రెండంగుళాల నురగ. ఆ నురగ కిందే కాఫీ రుచి ఉంటుందని నేను నమ్మి పెరిగాను.

1973లో రాజోలు తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. 1975లో పెళ్ళయింది. మా ఆవిడ కాఫీ కలపడంలో మా అమ్మని మించిందని మా అమ్మే ఒప్పుకుంది. 1977లో నన్ను రంపచోడవరం బదిలీ చేశారు. మన్యం బదిలీ అంటే కోనసీమవాళ్ళకి ఆ రోజుల్లో ఎలా ఉండేదో ఇక్కడ రెవెన్యూలో పనిచేసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. చలిజ్వరం, రాళ్ళ రోడ్లు, భాష కాని భాష. మా నాయనమ్మ ఏడ్చింది. మా ఆవిడ మాత్రం ఓ పాలపొడి డబ్బా, ఓ కాఫీపొడి డబ్బా, ఓ చిన్న ఫిల్టరు సంచిలో పెట్టింది.

ఆ ఏడు డిసెంబరులో మారేడుమిల్లి అవతల ఓ కొండరెడ్ల పల్లెలో మూడు వారాల క్యాంపు పడింది. భూముల లెక్కలు రాసే పని. నాకు తోడుగా ఆఫీసు బంట్రోతు వచ్చాడు. ఆయనదీ ఆ ప్రాంతమే, కొండరెడ్డి. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఇప్పుడు 'ఆయన' అంటున్నాను గాని అప్పట్లో 'ఒరేయ్' అనే పిలిచేవాణ్ణి. నాకు 26 ఏళ్ళు, చేతిలో సర్కారు కలం. అందరూ అలాగే పిలిచేవారు, నేనూ పిలిచాను.

నాలుగో రోజుకి పాలపొడి తడిసి గడ్డకట్టింది. మర్నాడు తెల్లవారుజామున, మంచు గుడిసెల కప్పుల దాకా దిగి ఉన్నప్పుడు, ఆయన ఓ సత్తు గ్లాసు తెచ్చి నా ముందు పెట్టాడు. నల్లగా ఉంది. పొగ వాసన. మారేడుమిల్లి ప్రాంతంలో అటవీశాఖవారి కాఫీ తోటలుండేవి. ఆ తోటల్లో కూలికి వెళ్ళే ఆడవాళ్ళు చెట్ల కింద రాలిన పళ్ళు ఏరుకొచ్చి, ఎండబెట్టి, మట్టి పెంకులో వేయించి, రోట్లో దంచుతారట. ఆ పొడి నీళ్ళలో కాచి తెచ్చాడు.

"పాలేవిరా?" అన్నాను.

"పాలు దూడకి గదా బాబూ" అన్నాడు.

వేళాకోళం చేస్తున్నాడనుకున్నాను. కొండల్లో చాలామంది ఆవుని పితకరనీ, తల్లిపాలు దూడవేననీ వాళ్ళ పద్ధతనీ నాకు తర్వాత తెలిసింది. ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. చేదు. మింగలేక మింగాను. ఆయన నీళ్ళకు వెళ్ళాడు కదా అని అరుగు దిగి, పక్కన మట్టిలో గ్లాసు వంపేశాను. వెనక్కి తిరిగేసరికి నీళ్ళ కుండ భుజాన పెట్టుకుని ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు.

ఏమీ అనలేదు. దగ్గరికి వచ్చి గ్లాసు అందుకున్నాడు. "బాగుందా బాబూ?" అన్నాడు.

"బాగుంది" అన్నాను.

మర్నాటి నుంచీ క్యాంపు అయ్యేదాకా నాకు ఉత్త వేడినీళ్ళు తెచ్చి పెట్టాడు. మిగతా సేవలన్నీ ఎప్పటిలాగే చేశాడు. టి.ఎ. బిల్లు పాసయింది, రెండేళ్ళకి బదిలీ అయింది, గోదావరి దాటి ఇంటికి వచ్చేశాను. ఈ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు. చెప్పేటంత పెద్ద విషయమని అప్పుడు అనిపించలేదు.

రెండోసారి నేను పాలు లేని కాఫీ తాగింది 1996లో. నవంబరు 6 రాత్రి ఏం జరిగిందో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మీలో ఇంటి కప్పులు పోయినవాళ్ళున్నారు, అయినవాళ్ళు పోయినవాళ్ళున్నారు. వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లు దువ్విన జుట్టులా ఒకే వైపుకి పడి ఉన్నాయి. నేను ముమ్మిడివరం వైపు సహాయ కార్యక్రమాల డ్యూటీలో ఉన్నాను. కరెంటు లేదు. గొడ్లు చచ్చిపడి ఉన్నాయి, పాలన్న మాటే లేదు. కిరసనాయిలు స్టవ్వు మీద నీళ్ళు కాచి, ఎవరో తెచ్చిన కాఫీపొడీ బెల్లం ముక్కా వేసి, గుడ్డతో వడకట్టి, లాంతరు వెలుగులో మృతుల జాబితాలు రాస్తూ తాగాం. అన్ని రాత్రులూ ఎలా మెలకువగా ఉన్నామంటే దానివల్లే. కాని ఆ రోజుల్లో మా నోటికి రుచి తెలిసే స్థితి లేదు. అది మందులాగా తాగాం. పాలు దొరికిన రోజున, అందరిలాగే, పాలకాఫీకి వెళ్ళిపోయాను.

2009లో రిటైరయ్యాను. 2019లో ఒంట్లో రెండు తేడాలు బయటపడ్డాయి. ఒకటి షుగరు. రెండోది, పాలు తాగితే కడుపుబ్బరం. వయసు మీద పడ్డాక పాలల్లో ఉండే చక్కెరని అరిగించుకునే శక్తి చాలామందికి తగ్గుతుందనీ, రెండు వారాలు పాలు మానేసి చూడమనీ, పెరుగు మజ్జిగల వల్ల అంత ఇబ్బంది ఉండదనీ డాక్టరుగారు చెప్పారు. ఇంటికి వచ్చి గుమస్తా బుద్ధితో లెక్క వేశాను. రోజుకి నాలుగు కాఫీలు, కాఫీకి రెండు చెంచాల పంచదార. చెంచాకి నాలుగు గ్రాములనుకున్నా రోజుకి 32 గ్రాములు, నెలకి దాదాపు కిలో. ఇన్నాళ్ళూ నేను తాగింది కాఫీయా, పానకమా?

కాఫీ మానెయ్యమన్నారు మా అబ్బాయి. మానడం నావల్ల కాదు. అయితే పాలు మానాలి. ఈ మాట వంటింట్లో చెప్పేసరికి మా ఆవిడ గరిటె కింద పెట్టి నావైపు చూసింది. "నలభై నాలుగేళ్ళు మాట్లాడకుండా తాగారు. ఇప్పుడు నా కాఫీకి వంక పెడుతున్నారా?" అంది. షుగరు రిపోర్టు చూపించాను. రిపోర్టు చూసి, "అయితే ఆ కషాయం మీరే కాచుకోండి" అంది. అలా 68వ ఏట వంటింట్లో నాకు కొత్త పోస్టింగు వచ్చింది.

పాత అలవాటు కొద్దీ ఓ నోటుపుస్తకం తీసి గళ్ళు గీశాను. తేదీ, పొడి, నీళ్ళు, రిమార్కులు. మొదటి రోజు ఇంట్లో ఉన్న డికాక్షన్లోనే వేడినీళ్ళు కలిపి తాగాను. రిమార్కుల గడిలో 'కషాయం' అని రాశాను. మూడో రోజు, 'కషాయమే.' ఆరో రోజు, 'కాలిన కొబ్బరిడొక్క వాసన.' ఎనిమిదో రోజు గడి ఖాళీ, ఎందుకంటే ఆ రోజు దొంగతనంగా మా ఆవిడ గ్లాసులోంచి రెండు గుక్కలు తాగాను. ఆమె చూసింది. చూసి, ఆమె కూడా ఏమీ అనలేదు.

తప్పు ఎక్కడుందో కాఫీపొడి పొట్లం మీద చదివితే తెలిసింది. కాఫీ 60, చికోరీ 40 పాళ్ళు. చికోరీ కాఫీ కాదు. అదో మొక్క వేరు, వేయించి పొడి చేసి కలుపుతారు. కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలనీ, పాళ్ళు పొట్లం మీద వెయ్యాలనీ మన దేశంలో నిబంధన ఉంది. చికోరీ వల్ల రంగూ చిక్కదనం వస్తాయి. చిక్కటి గేదెపాలకి ఎదురు నిలబడాలంటే ఆ ముతక చేదు ఉండాల్సిందే, దాన్ని నేను తప్పుపట్టను. పాలల్లోని మాంసకృత్తులు కాఫీలోని వగరుని పట్టి ఉంచుతాయి, పంచదార చేదుని కప్పుతుంది. ఆ రెండూ తీసేసి డికాక్షను ఒక్కటే తాగితే, పులుసులో వెయ్యాల్సిన చింతపండు విడిగా నమిలినట్టే.

మా అబ్బాయి విశాఖపట్నంలో ఉద్యోగం. ఈసారి వచ్చేటప్పుడు గిరిజన సహకార సంస్థ వారి అరకు కాఫీపొడి తెచ్చాడు. చికోరీ లేనిది. ఆ గింజ అరాబికా రకం. కాఫీలో ముఖ్యంగా రెండు జాతులు, అరాబికా, రోబస్టా. రోబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు, చేదూ ఎక్కువ. అరాబికా మెత్తన, కొంచెం పులుపు. ఇది కూడా మొదట నాకు నచ్చలేదు. ఎందుకంటే పాత పద్ధతిలోనే పొయ్యి మీద తెర్లకాచాను. పప్పు ఉడికించినట్టు ఉడికిస్తే ఏ గింజైనా చేదే ఇస్తుంది.

పన్నెండో రోజున నీళ్ళు మరిగాక దించి, ఒక నిమిషం ఆగి, రెండు చెంచాల బరక పొడి మీద గ్లాసుడు నీళ్ళు పోసి, మూతపెట్టి, నాలుగు నిమిషాల తర్వాత పలచటి గుడ్డతో వడకట్టాను. నోట్లో పెట్టుకోబోతుంటే ఫోను. పాత మిత్రుడు, పే ఫిక్సేషన్ గొడవ. అది తెమిలేసరికి పావుగంట. తిరిగివచ్చి చూస్తే కాఫీ గోరువెచ్చన అయిపోయింది. మన వైపు చల్లారిన కాఫీ అతిథికిస్తే సంబంధాలు చెడిపోతాయి. పారబొయ్యబోయి, ఎందుకో ఒక గుక్క తాగాను.

చేదు ఉంది. కాని దాని వెనకాల ఇంకేదో ఉంది. ఉసిరికాయ తిని మంచినీళ్ళు తాగితే నాలుక మీదికి ఓ తీపి వస్తుంది చూడండి, అలాంటిది. పంచదార తీపి కాదు. ఇంకో గుక్క తాగాను. ఈసారి తంపట వేసిన తాటితేగ చివర్లో తగిలే సన్నటి చేదులాంటిది. పొగలు కక్కేటప్పుడు నాలుక వేడినే చూస్తుంది, రుచిని చూడదు. వేడి తగ్గాకే రుచులు ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తాయి. చేదు మనకి కొత్తా? ఉగాదికి వేపపువ్వు తింటాం, మెంతికూర పప్పు తింటాం, కాకరకాయ పులుసు బెల్లం వేసి మరీ పెట్టుకుంటాం. మా పెదనాన్నగారు చుట్ట వాసన చూసి పొగాకు ఏ లంకదో చెప్పేవారు. అంతటి నాలుకలూ ముక్కులూ ఉన్న జాతి మనది. కాఫీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాలతో కప్పెట్టి, పంచదారతో పూడ్చి, పైన నురగ పరిచేశాం.

ఆ రోజు రిమార్కుల గడిలో ఏం రాయాలో తోచలేదు. గ్లాసు అడుగున మిగిలిన గుక్క వాసన చూస్తూ కూర్చున్నాను. పొగ లేదు గాని, ఆ వాసన ఎక్కడిదో తెలుసు. సత్తు గ్లాసు, మంచు, భుజం మీద కుండ. గడిలో 'మారేడుమిల్లి' అని రాసి పుస్తకం మూసేశాను. 42 ఏళ్ళ తర్వాత ఆ కథ అప్పుడు చెప్పాను మా ఆవిడకి. ఆమె విని, "అడిగాడు కదా, బాగుందా అని. అది పాపం అనుకుని అడిగాడా, కావాలని అడిగాడా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అప్పటి నుంచీ ఈ కాఫీ ఎక్కడిదో చదవడం మొదలుపెట్టాను. మన దేశానికి కాఫీ తెచ్చింది బాబా బుడన్ అనే ఫకీరు, 17వ శతాబ్దంలో యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెబుతారు. అది కన్నడ దేశపు కథ. మన కథ నాకు ఇంకా ఆశ్చర్యం కలిగించింది. ఆంధ్రదేశంలో మొట్టమొదట కాఫీ మొక్క నాటింది అరకులో కాదు, మన పాత తూర్పుగోదావరి జిల్లాలోనే. 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయుడు పాములేరు లోయలో నాటించాడు. పాములేరు అంటే మారేడుమిల్లి దగ్గరి వాగు! అక్కణ్ణుంచి 1920 ప్రాంతంలో అరకు, చింతపల్లి వైపు వెళ్ళింది. స్వాతంత్ర్యం వచ్చాక అటవీశాఖ తోటలు వేసింది, 1985లో అటవీ అభివృద్ధి సంస్థ వాటిని తీసుకుంది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ గిరిజనులకి సాగు నేర్పే పనిలోకి దిగింది. ఇవాళ పాడేరు చుట్టుపక్కల లక్షకు పైగా ఎకరాల్లో గిరిజన రైతులే కాఫీ పండిస్తున్నారు.

సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటికి మిరియాల తీగలు పాకించి, అడుగున కాఫీ. నీడన ఉంటే పండు నిదానంగా ముదురుతుంది. వేసవి జల్లులకి మల్లెల్లాంటి తెల్లటి పువ్వు పూస్తుంది. నవంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా ఎర్రబడ్డ పండు ఎర్రబడ్డట్టే, ఒక్కొక్కటీ చేత్తో కోస్తారు. ఒకే గెలలో పచ్చివీ పండినవీ కలిసి ఉంటాయి, అన్నీ దూసేస్తే రుచి చెడిపోతుంది. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరాబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన బందరు లడ్డూకీ, ఆత్రేయపురం పూతరేకులకీ వచ్చినట్టే. 2023లో ఢిల్లీలో జి-20 సమావేశాలకి వచ్చిన దేశాధినేతలకి మన ప్రభుత్వం ఇచ్చిన కానుకల్లో ఈ కాఫీ కూడా ఉంది. నేను అరుగు పక్కన మట్టిలో వంపేసింది ఆ కొండల గింజనే.

డాక్టరుగారు ముందు వరసలో కూర్చున్నారు కాబట్టి రెండు మాటలు జాగ్రత్తగా చెబుతాను, తప్పయితే ఆపండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు దానితో పాటే కాఫీ తాగకూడదు, అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్ మాత్ర కూడా కాఫీతో వేసుకుంటే ఒంటికి పట్టదు. పరగడుపు రక్తపరీక్షకి వెళ్ళేటప్పుడు పాలు లేదు కదా అని నల్ల కాఫీ తాగి వెళ్ళకండి, నేనలా వెళ్ళి వెనక్కి వచ్చాను. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది, అందుకని సాయంత్రం నాలుగు దాటితే నేను ముట్టను. పుండు, గుండెదడ ఉన్నవాళ్ళు నా మాట కాదు, వారి మాట వినండి. ఇంకొకటి, ఇది డాక్టరుగారిది కాదు, నాది. నీళ్ళు చూసుకోండి. సముద్రం దగ్గరి ఊళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. పాలకాఫీలో తెలియదు గాని, ఇందులో దాక్కోవడానికి దానికి చోటు లేదు.

పంచదార ఒకేసారి మానకండి. నేను వారానికి అరచెంచా చొప్పున తగ్గించాను. నెల తిరిగేసరికి నాలుక సర్దుకుంది. ఇప్పుడు పెళ్ళిళ్ళలో కాఫీ ఇస్తే పాయసం తాగినట్టుంటుంది. మా ఆవిడ మాత్రం ఆమె పాలకాఫీ ఆమె తాగుతుంది. ఇద్దరం అరుగు మీద కూర్చుని ఎవరి గ్లాసు వాళ్ళం తాగుతాం. ఆమె నా గ్లాసువైపు ఇంకా జాలిగానే చూస్తుంది.

ఇక ఒక్క విషయం చెప్పి ముగిస్తాను.

2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయి మనం కోనసీమ జిల్లా అయ్యాం, మారేడుమిల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది. ఎందుకో అప్పటి నుంచీ మనసు పీకుతూనే ఉంది. 2023 జనవరిలో, సంక్రాంతి వెళ్ళాక, మా అబ్బాయిని కారు తియ్యమన్నాను. రావులపాలెం, రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం. ఒకప్పుడు రెండు రోజులు పట్టిన ప్రయాణం మధ్యాహ్నానికి అయిపోయింది. మారేడుమిల్లిలో బొంగు చికెన్ దుకాణాలు, పర్యాటకుల కార్లు. ఆ పల్లె పేరు చెప్పను, వాళ్ళ ఇంటికి ఎవరైనా వెతుక్కుంటూ వెళితే బాగుండదు. ఇద్దరు ముగ్గుర్ని అడిగితే ఇల్లు చూపించారు.

ఆయన పోయి 20 ఏళ్ళయిందట. కొడుకు ఉన్నాడు, 50 దాటినవాడు. రంపచోడవరం ఆఫీసులో మీ నాన్నగారితో పనిచేశానండీ అన్నాను. వెంటనే ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, మనవడి చేతికి డబ్బులిచ్చి ఎక్కడికో పరిగెత్తించాడు. ఇంటి వెనక వంద మొక్కల దాకా కాఫీ ఉంది, ముంగిట్లో తడికల మీద పళ్ళు ఆరబోసి ఉన్నాయి. కాసేపటికి రెండు గ్లాసుల కాఫీ వచ్చింది. తెల్లగా, పంచదార దండిగా వేసి. ఆ కుర్రవాణ్ణి పంపింది పాలప్యాకెట్టు కోసం.

"మీరు తాగేది లేదాండీ, పాలు పొయ్యనిది?" అన్నాను.

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "ఉందండి. పెద్దోరు ఇంటికొస్తే నల్లది ఎలా ఇస్తామండి?"

"మీ నాన్నగారు నాకు అదే ఇచ్చారు" అన్నాను. అని, జరిగింది జరిగినట్టు చెప్పాను. మా అబ్బాయి తల దించుకుని విన్నాడు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి విన్నది. ఆయన కాసేపు ఆలోచించి, "నాయన మాకెప్పుడూ ఈ మాట చెప్పలేదండి" అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళి పొయ్యి మీది గిన్నెలోంచి స్టీలు గ్లాసులో పోసుకొచ్చింది. పొగ వాసన అలాగే ఉంది. తొందరపడకుండా, చల్లారనిచ్చి, అడుగున మడ్డి తేలేదాకా తాగాను. పాలు పోసిన గ్లాసులు రెండూ మా అబ్బాయి చేత తాగించాను. వృథా పోనివ్వలేదు. వచ్చేటప్పుడు వాళ్ళు దంచిన పొడి ఓ కాగితం పొట్లంలో కట్టి ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు. మా తోటలో కొబ్బరికాయలు ఓ బస్తా ఆ వైపు వెళ్ళే బస్సులో మర్నాడు వేయించాను, అందాయని ఫోను చేశారు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. వంటవాళ్ళు విస్తళ్ళు పరిచేశారు. భోజనాల తర్వాత కాఫీ కూడా ఉందన్నారు, పాలు పోసిందే. నా వంతు గ్లాసు డాక్టరుగారు చూడకుండా ఎవరైనా తాగెయ్యండి.